నేనూ, నా ఏకాంతమూ, ఒక సీసీ కెమెరా

మీరు బయటివాళ్ళు కాదు కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో ఉన్నంత కాలం నేనొక గొప్ప చెప్పుకుంటూ తిరిగాను. "నాకు ఏకాంతం ఇష్టమండీ. ఒక మంచి పుస్తకం, ఒక పడక్కుర్చీ, నా మానాన నన్ను వదిలేస్తే చాలు" అనేవాణ్ణి. స్టాఫ్ రూములో అన్నాను. పెళ్ళిళ్ళలో బంతి మీద కూర్చుని అన్నాను. వియ్యాలవారింట్లో ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ కూడా అన్నాను. విన్నవాళ్ళు తలూపేవారు. 'మాస్టారు లోతైన మనిషి' అని కొందరైనా అనుకుని ఉంటారని నా ఆశ. మా ఆవిడ మాత్రం ఆ మాట రాగానే ఏదో పని గుర్తొచ్చి లోపలికెళ్ళేది.

ఒక్క చిక్కుంది. ఏకాంతం గురించి మాట్లాడాలంటే నాకు కనీసం నలుగురు కావాల్సొచ్చేది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కాపురం చిలకలూరిపేటలో. పర్చూరు దగ్గర రెండెకరాల నల్లరేగడి ఉంటే కౌలుకిచ్చాను. 2022లో జిల్లాలు విడగొట్టాక నేను పల్నాడు జిల్లాలో పడ్డాను, పొలం బాపట్ల జిల్లాలో పడింది. మనిషిదో జిల్లా, మిరపకాయలదో జిల్లా. ఈ ముక్క కూడా నేను చాలామందికి చెప్పాను, నవ్వినవాళ్ళు తక్కువ.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. (మా వీధిలో సగం మంది పిల్లలు అక్కడే ఉన్నారు లెండి.) ఫిబ్రవరిలో కాన్పని కబురు రాగానే నేను బీరువా తెరిచి నా పాస్‌పోర్టు వెతుక్కోవడం మొదలెట్టాను. "నాన్నా, అమ్మ వస్తే చాలు. నీకిక్కడ తోచదు" అంది అమ్మాయి. నాకు తోచదని దానికి దిగులేమో అనుకున్నాను. కాదట. "నాన్న కూడా వస్తే అమ్మ నాన్నని చూసుకుంటుంది, ఇక నన్నెవరు చూస్తారు?" అని అల్లుడితో అందట. అల్లుడు బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి చెప్పాడు. మావాడు నాకు చెప్పాడు, అదీ నవ్వుతూ.

పరువు కాపాడుకోవాలి కదా. "మంచిదేలే. మిరపకాయలు కోతకొచ్చే రోజులు, ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి. పైగా నాకు ఏకాంతమంటే..." అని అందుకున్నాను. మా ఆవిడ సూట్‌కేసుని తూకం మీద పెడుతోంది. కారప్పొడి, కందిపొడి, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, పుట్టబోయే పిల్లకి మెత్తటి పాత చీరలు. "ఇరవై మూడు కేజీలు దాటకూడదంట. ఆ మాటలు తర్వాత చెబుదురు గానీ, ఈ జిప్పు లాగండి" అంది.

వెళ్ళేముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. మొదటి వాక్యం 'గ్యాస్ కట్టేశారా?' చివరి వాక్యం 'గ్యాస్ కట్టేశారా?' మధ్యలో పాలవాడు, చాకలి, బీపీ మాత్ర, తులసికి నీళ్ళు. పనిమనిషికి జీతం ఎంతో రాసి, కింద గీత గీసి 'మీరు పెంచొద్దు' అని రాసింది. నా దయాగుణం మీద ఆమెకంత నమ్మకం.

మొదట్లో ఇల్లంతా నాదే అనిపించింది. టీవీ సౌండు పెంచాను. మంచం మీద కూర్చుని ఇడ్లీలు తిన్నాను. తడి తువ్వాలు కుర్చీ మీద ఆరేశాను. అడిగేవాళ్ళు లేకపోయేసరికి అందులోని రుచి పోయి, రెండోనాడు నేనే తీసి దండెం మీద వేశాను. సాయంత్రానికి ఇంట్లో చప్పుడు లేకపోవడం మొదలైంది. ఆ చప్పుడు లేకపోవడం ఎంత గట్టిగా వినపడుతుందంటే, టీవీ పెట్టి, టీవీ చూస్తూ ఫోన్ పట్టుకుని, వాట్సాప్‌లో 'ఏకాంతంలో ఉన్నాను' అని స్టేటస్ పెట్టి, ఎంతమంది చూశారో లెక్కపెట్టుకుంటూ పడుకునే వేళ చేశాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని ఆ రోజుల్లోనే చదివాను. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం చేసి 2014లో సైన్స్ పత్రికలో అచ్చేశారు. మనిషిని ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఆలోచించుకోవడమే పని. పక్కన ఒక మీట ఉంటుంది, నొక్కితే చిన్న కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు, మళ్ళీ తగలకుండా ఉండటానికి డబ్బులైనా ఇస్తామన్న వాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా పద్దెనిమిది మంది మగవాళ్ళలో పన్నెండు మంది ఊరికే కూర్చోలేక మీట నొక్కుకున్నారు. ఒక మహానుభావుడైతే 190 సార్లు నొక్కాడు. ఆడవాళ్ళు ఇరవై నాలుగు మందిలో ఆరుగురే నొక్కారు.

ఈ సంగతి ఫోన్లో మా ఆవిడకి చెప్పాను.

"ఆ నూట తొంభైసార్లు నొక్కినాయన మీకేమన్నా చుట్టమా?" అంది.

"అది కాదోయ్, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఊరికే కూర్చున్నారట. ఆశ్చర్యంగా లేదూ?"

"ఇందులో ఆశ్చర్యమేముందండీ? పావుగంట ఎవరూ పిలవకుండా కూర్చోబెడితే, దాన్ని పోగొట్టుకుంటారా ఎవరైనా?"

ఆ జవాబుని అప్పుడు నేను పట్టించుకోలేదు. పట్టించుకునుంటే ఈ వ్యాసం చిన్నదయ్యేది.

కెమెరా సంగతి చెప్పలేదు కదూ. దొంగల భయమని మా అబ్బాయి హాల్లో ఒక సీసీ కెమెరా బిగించి పోయాడు. అది ఉత్త కెమెరా కాదు, మాట్లాడుతుంది. డాలస్‌లో ఫోన్లో నొక్కి ఏమన్నా అంటే చిలకలూరిపేటలో మా గోడ పలుకుతుంది. ఒక మధ్యాహ్నం నేను సోఫాలో పడుకుని పల్లీలు తింటూ, తొక్కలు బొజ్జ మీద పోగేసుకుంటున్నాను. హఠాత్తుగా గోడ "ఆ తొక్కలు దులపకుండా లేవకండి" అంది. కల్లంలో ఎండుమిరపకాయలు పరిచి ఉండగా చినుకు పడ్డ రైతులా పైకి చూశాను. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి. మా ఆవిడ నిద్రపట్టక చూసిందట.

రోజూ ఫోన్ మాత్రం టైముకే వచ్చేది. డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడవగానే, ఇక్కడ పొద్దున ఆరున్నరకి, వీడియో మోగేది. నేను ఆరుంబావుకే లేచి, పక్క మడతపెట్టి, సింకులో గిన్నెలు కడిగి, మొహం కడుక్కుని, గంట సేపటి నుంచీ మేలుకునున్న మనిషి మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మార్చి వచ్చింది. మార్చి రెండో ఆదివారం అమెరికా వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారని సోషల్ మాస్టారికి తెలియకూడదా? తెలుసు. పిల్లలకి చెప్పాను కూడా. ఆ సోమవారం ఐదున్నరకే ఫోన్ మోగింది. నిద్రమత్తులో ఎత్తాను. నా వెనకాల ఉన్న గదిని ఆమె ఒక్క నిమిషం మాట్లాడకుండా చూసింది. మా చిన్న మనవరాలు కూడా చూసినట్టే ఉంది. (అన్నట్టు, మనవరాలు పుట్టింది. ముక్కు నాదే.)

ఇంట్లో కుదరక నేను ఏకాంతాన్ని బయట వెతకబోయాను. ముందు కోటప్పకొండ. తిరునాళ్ళ ముందే, ఒక మామూలు పనిదినం చూసుకుని వెళ్ళాను. నన్నడిగితే, ఏకాంతం కావాలనుకునేవాళ్ళకి ఆ కొండ కథని మించిన హెచ్చరిక లేదు. శివుడంతటివాడు ఎవరూ లేని శిఖరం చూసుకుని దక్షిణామూర్తిగా తపస్సుకి కూర్చున్నాడు. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి పూజ చేసేది. కొన్నాళ్ళకి ఎక్కలేక, "నువ్వే దిగి రా సామీ" అంది. "వస్తాను, నువ్వు ముందు నడు, వెనక్కి మాత్రం చూడొద్దు" అన్నాడు. బ్రహ్మశిఖరం దగ్గరికొచ్చేసరికి ఆమె వెనక్కి చూసింది. ఆయన అక్కడే నిలిచిపోయాడు. ఇప్పుడాయనకి గుడి ఉంది, ఘాట్ రోడ్డుంది, శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కరెంటు దీపాల ప్రభలు మైకులతో సహా వస్తాయి. ఆడమనిషి ఒక్కమాటు "దిగి రా" అంటే త్రికోటేశ్వరుడికే తప్పలేదు.

ఆ కొండ మీద కాకులు వాలవంటారు. నా పాత శిష్యులు వాలతారు. మెట్ల మీద ఒక మూల చూసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నానో లేదో, "మాస్టారూ! గుర్తుపట్టారా?" అంటూ ముగ్గురు. సెల్ఫీ తీసుకున్నారు. పోనీలే అని నేను వాళ్ళకి ఆనందవల్లి కథ చెప్పాను. ఊపు మీదుండి చీరాల-పేరాల కూడా చెప్పాను. అప్పుడు వాళ్ళకి అర్జెంటు పని గుర్తొచ్చింది.

చీరాల-పేరాల నా బలహీనత. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలిపెట్టి, ఊరి బయట రామనగరమని పాకలేసుకుని, పదకొండు నెలలు ఉన్నారు. ఎండకీ వానకీ. ఈ కథ ఎక్కడ మొదలెట్టినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా ఇంట్లో మాత్రం నేను "1921లో..." అనగానే పిల్లలు చెప్పులేసుకునేవాళ్ళు.

తర్వాత కల్లం. రాత్రిపూట మిరప కల్లంలో కాపలా పడుకోవడం కన్నా ఏకాంతం ఏముంటుంది? పైన చుక్కలు, కింద ఎర్రగా పరిచిన తేజ కాయలు, మధ్యలో నేను. కౌలు రైతుకి చెబితే నన్ను ఎగాదిగా చూసి, "మీకెందుకు మాస్టారూ ఈ అవస్థ" అన్నాడు. వినలేదు. తీరా వెళితే అక్కడ ఒక ఊరే ఉంది. వరసగా కల్లాలు, కల్లానికొక నులకమంచం, మంచానికొక మనిషి, మనిషికొక ఫోన్. ఒకడు పాటలు, ఒకడు గుంటూరు యార్డులో ఆరోజు తేజ ఎంత పలికిందో, తాలుకి ఎంత తెగ్గోశారో లెక్కలు. చెమ్మ దిగుతుందని పట్టాలు కప్పుతుంటే లేచిన ఘాటుకి నేను దగ్గిన దగ్గుకి కుక్కలు లేచాయి. ఊళ్ళోకి మాస్టారొచ్చాడని తెలిసి, పాసుపుస్తకంలో పేరు తప్పుపడిన ఒకాయనా, పెన్షను ఆగిపోయిన ఒక అవ్వ తరఫున ఆమె కొడుకూ వచ్చారు. టార్చిలైటు వెలుగులో మిరపకాయల టిక్కీ మీద కాగితం పెట్టుకుని అర్జీలు రాస్తూ కూర్చున్నాను. ఈలోగా కౌలు రైతు ఫోన్ మోగింది. "ఆఁ అమ్మా... అట్టాగేనమ్మా... పెడతానమ్మా" అని, నా దగ్గరికొచ్చి, అందరి ముందూ నాకు మంకీ క్యాప్ తొడిగాడు. డాలస్ ఉత్తర్వు.

భార్య చేతిలో ఓడిపోవడాన్ని కథలకెక్కించిన మునిమాణిక్యం నరసింహారావు గారు 1898లో పుట్టింది మన పాత గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో. కాంతం కథలు ఊరికే పుట్టలేదు. ఈ నేలలోనే ఏదో ఉంది.

వేటపాలెం కూడా వెళ్ళాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. గాంధీగారు 1929లో అక్కడికొచ్చినప్పుడు విరిగిన చేతికర్రని ఇప్పటికీ దాచిపెట్టారు. పాత పత్రికల కట్టలు చూడటానికి ఎక్కడెక్కడి పరిశోధకులో వస్తారు. మాట్లాడకూడని చోటు కాబట్టి నాకు మందులా పనిచేస్తుందనుకున్నాను. చీరాల మీదుగా బస్సులో పోతూ పక్కసీటు కుర్రాడికి రామనగరం ఎటుండేదో చూపించాను. అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడని దిగేటప్పుడు తెలిసింది. గ్రంథాలయంలో హెన్రీ థోరో గురించి ఒక పుస్తకం తీసుకుని కూర్చున్నాను. 1845 నుంచి రెండేళ్ళ పైచిలుకు వాల్డెన్ చెరువుగట్టున గుడిసె వేసుకుని ఒక్కడే ఉన్న మహానుభావుడు. చదివితే తెలిసిందేమిటంటే, ఆ గుడిసె ఊరికి మైలున్నర దూరమే, ఆయన రోజు విడిచి రోజు ఊళ్ళో కబుర్లకి వెళ్ళొచ్చేవాడు. ప్రాణం లేచొచ్చింది. ఇంతలో మెసేజ్: 'వేటపాలెం వెళ్ళారంటగా. జీడిపప్పు రెండు కేజీలు, గుండ్లు, బద్దలు కాదు. అన్నయ్య వాళ్ళ పిల్లలతో పంపిద్దురు గానీ.' వెళ్ళానని ఎవరు చెప్పారో అడగలేదు. బస్టాండులో పక్కింటి వదినగారు ఎదురైనప్పుడే నాకర్థమైంది.

ఇక అసలు విషయానికొస్తాను.

పండుమిరప పచ్చడి లేకుండా వేసవిలోకి అడుగుపెట్టిన చరిత్ర మా ఇంటికి లేదు. కౌలు రైతు ఒక గంపెడు పండు కాయలు తెచ్చి వాకిట్లో పెట్టి పోయాడు. ఆమె ఫోన్లో చెబుతోంది, నేను చేస్తున్నాను. కాయలు తొడిమలతోనే కడగాలి, ముందే తీస్తే కాయలోకి నీళ్ళు దిగి పచ్చడి పాడవుతుంది. గుడ్డతో తుడిచి, తడారాక తొడిమలు తీయాలి. ఉప్పు, పసుపు, చింతపండు వేసి తొక్కి జాడీలో పెట్టి, మూడోనాడు తీసి మెంతిపిండి, వెల్లుల్లి వేసి మళ్ళీ రుబ్బాలి. "చేతులకి కవర్లు కట్టుకోండి" అంది. "గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి, మిరపకాయ నన్నేం చేస్తుందోయ్" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే మనం భయపడాలని పెళ్ళయిన ప్రతి మగవాడికీ తెలుసు, సమయానికి గుర్తురాదు.

గంప సగమయ్యేసరికి వేళ్ళు మొదలెట్టాయి. గంప ఖాళీ అయ్యేసరికి మోచేతుల దాకా ఎక్కింది. కుళాయి కింద పెడితే ఇంకా మండింది. మిరపలోని కాప్సైసిన్ నీళ్ళకి కరగదు, నూనెకి, పాలకి లొంగుతుంది. ఇది నాకు తెలుసు, కానీ తెలిసింది గుర్తురావాలంటే చేతులు మండకుండా ఉండాలి. చివరికి నూనె రాసుకుని, రెండు చేతులూ మజ్జిగ బేసిన్లో ముంచి, పెరటి వరండాలో చతికిలబడ్డాను.

అదుగో, అక్కడ దొరికాను నేను నాకు.

ఫోన్ పట్టుకోలేను. రిమోటు ముట్టుకోలేను. పుస్తకం పేజీ తిప్పలేను. వాకిట్లో ఎవరో పిలిస్తే తలుపు గడియ తీయలేను. ముక్కు దురద పెడితే గోక్కోలేను. వర్జీనియా వాళ్ళ గది మా పెరట్లోకే వచ్చింది, మీట నొక్కే అవసరం లేకుండా షాకు దానంతటదే తగులుతోంది. చేసేదేమీ లేక, లోపలున్న మనిషితో మాట కలిపాను. ఇన్నేళ్ళుగా ఆయన లోతైనవాడని నేనే అందరికీ చెప్పాను కదా, ఏం చెబుతాడో విందామని చెవి ఒగ్గాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "1921లో..." అన్నాడు.

నమ్మరు, పూర్తిగా చెప్పాడు. దుగ్గిరాల వారి దగ్గర్నుంచి పదకొండో నెల దాకా. ఆ తర్వాత ఒకప్పుడు నాకు రావాల్సిన ప్రమోషను ఇంకొకరికి ఎలా పోయిందో చెప్పాడు. ఆ హెడ్మాస్టరుకి నేనిచ్చిన జవాబు చెప్పాడు. నిజానికి ఆ జవాబు నేనివ్వలేదు, ఇంటికొచ్చాక తట్టింది. ఆ తర్వాత మనిషిదో జిల్లా, మిరపకాయలదో జిల్లా అన్నాడు. నాకు లేచి వంటింట్లోకి వెళ్ళిపోవాలనిపించింది. ఈయన మాట్లాడినప్పుడల్లా మా ఆవిడకి ఏ పని గుర్తొచ్చేదో అప్పుడు తెలిసింది.

కాసేపటికి ఆయన దగ్గర సరుకైపోయింది. తలూపేవాళ్ళు లేకపోతే ఎంతటి వక్తయినా ఎంతసేపు మాట్లాడతాడు? ఆగాడు. ఆగాక పెరడు వినిపించింది. పక్కింట్లో కుక్కర్ కూతలు. దూరంగా జిన్నింగు మిల్లు. ఆ మిల్లు మా ఇంటికి వినపడుతుందని అంతకుముందు నాకు తెలియదు. దాని వెనకాలే మా ఊరి ఇంటి ముందుగది వచ్చింది. పత్తి తీతలప్పుడు రేటొచ్చేదాకా అమ్మకుండా నాన్న పత్తంతా ఆ గదిలో కప్పు దాకా పోయించేవాడు. మనుషులకి చోటుండేది కాదు. పిల్లలం ఆ పత్తి మీదే పడుకునేవాళ్ళం. దూకితే నడుము దాకా దిగబడేది. "గింజ నలుగుద్దిరా" అని అమ్మ కేకలు. అర్ధరాత్రి మెలకువొస్తే నాన్న గడప మీద కూర్చుని ఆ పత్తి కేసి చూస్తూ ఉండేవాడు. ఏం ఆలోచించేవాడో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక్కడే కూర్చోవడం ఆయనకి చేతనైనంత బాగా నాకు చేతకాలేదు. అయితే ఆయన నెత్తిన అప్పుంది, నాకు పెన్షనుంది. ఏకాంతానికి పెన్షను అడ్డేమో.

ఏడ్చాననుకునేరు. కన్ను మండితే భుజంతో రుద్దుకున్నాను, అంతే.

ఆ తర్వాత మధ్యాహ్నాలు చేతులు మండకుండానే ఆ వరండాలో కూర్చోవడం అలవాటైంది. లోపలాయన రోజూ ఒకసారి 1921తో మొదలెట్టేవాడు గానీ, పోనుపోను త్వరగా ముగించేవాడు. వేడన్నంలో ఆ పచ్చడీ, నెయ్యీ కలుపుకుని, టీవీ పెట్టకుండా, ముద్ద ముద్దకీ ఆగి తిన్నాను. అన్నానికి అంత రుచి ఉంటుందని, దాన్ని మెచ్చుకోవడానికి పక్కన ఎవరూ లేనప్పుడు తెలియడం అన్యాయం. ఒక్కోసారి పైకే మాట్లాడుకునేవాణ్ణి. వదినగారు గోడ మీద నుంచి చూసి డాలస్‌కి తంతి కొట్టింది.

"మీలో మీరే మాట్లాడుకుంటున్నారంట?" అంది మా ఆవిడ.

"మాట్లాడటం కాదోయ్. ఎక్కువ వింటున్నాను."

అవతల నిశ్శబ్దం. "మీరా? వింటున్నారా?" అని, ఫోన్ పక్కకి పెట్టి, "అమ్మాయ్, నాన్నని ఒకసారి బీపీ చూపించుకోమని చెప్పు" అంది.

ఇంత సాధించినా ఒక జబ్బు మాత్రం వదల్లేదు. కెమెరా. పల్లీల తొక్కల తర్వాత గోడ మళ్ళీ మాట్లాడలేదు. అంటే ఆమె చూస్తోంది, తప్పు పట్టడానికేమీ దొరకట్లేదు అనుకున్నాను. అందుకని హాల్లో ఉన్నంతసేపూ నేను బాగా కనిపించేవాణ్ణి. లుంగీ నలగకుండా కట్టేవాణ్ణి. ఒక లావుపాటి పుస్తకం దీపం వెలుగు పడేట్టు పట్టుకుని, మధ్యమధ్యలో పైకి చూసి ఆలోచనలో పడేవాణ్ణి, ఎడమ వైపు మొహం కెమెరాకి తిప్పి. ఎడమ వైపు నాకు బాగుంటుంది. చీపురు పట్టి హాలు ఊడ్చేవాణ్ణి, కెమెరాకి అందేంతవరకు. ఒకసారి కళ్ళు మూసుకుని పద్మాసనం కూడా వేశాను, లేవడానికి సోఫా సాయం తీసుకోవాల్సొచ్చింది గానీ.

ఆమె తిరిగొచ్చే ముందు ఉండబట్టలేక అడిగాను. "ఈమధ్య నేనెలా ఉన్నాననిపిస్తోంది, కెమెరాలో?"

"కెమెరానా? ఆ యాప్ ఎప్పుడో తీసేయించానండీ. పిల్ల పుట్టకముందే. ఏకాంతం కావాలన్నారుగా, మళ్ళా నేను చూడటం ఎందుకని."

అంటే ఆ పద్మాసనాన్ని ఎవరూ చూడలేదు.

నా మొహం చూసి జాలేసిందేమో, గొంతు తగ్గించి, ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పింది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు, నేను స్కూలుకీ పిల్లలు చదువులకీ పోయాక, పది నుంచి పన్నెండు దాకా ఆమె అదే పెరటి వరండాలో కూర్చునేదట. రెండో కాఫీ కలుపుకుని.

"ఏం చేసేదానివి?"

"ఏం చెయ్యను. ఊరికే కూర్చునేదాన్ని. మీరు రిటైరయినాక పోయింది. పదింటికి కళ్ళజోడు ఏదీ అంటారు. పదింబావుకి కాఫీ అంటారు. పదిన్నరకి చీరాల-పేరాల."

ఆ వరండాని నేను కనిపెట్టానని అనుకుంటూ వచ్చాను. నేను అందులో కౌలుదారుని మాత్రమే, పట్టా ఆమె పేరున ఉంది.

ఆమె వచ్చేసింది. కొత్త కాగితం ఫ్రిజ్ మీద వెలిసింది. పది నుంచి పన్నెండు దాకా వరండా ఆమెది, అప్పుడు నేను ఇంట్లో ఉండకూడదు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు నాకు కేటాయించింది, అదీ కళ్ళజోడు నేనే వెతుక్కుంటానంటే. వదినగారి సాక్షి సంతకం ఒక్కటే తక్కువ. పది గంటలకి టీ కొట్టు దగ్గర కూర్చుంటున్నాను గానీ, అక్కడివాళ్ళంతా ఫోన్లలో ఉంటారు, పైగా ఆ కథ వాళ్ళకి వచ్చేసింది.

అందుకని మిమ్మల్నొకటి అడుగుదామని. పొద్దున పదింటికి మీరు ఇంట్లోనే ఉంటారు కదా? కాఫీ కూడా వద్దు, ఒక మూల కూర్చుంటాను. 1921 ఊసెత్తను. మీ ఆవిడగారిని ఒకమాట అడిగి చెప్పండి.